తిరిగొచ్చిన సున్నుండలు

"ఎత్తమ్మా... ఒక్కసారి ఫోనెత్తు!"

నస్రత్ గొంతు స్కూటీ మోతలో కలిసిపోయింది. హ్యాండిల్‌కీ అరచేతికీ మధ్య ఇరికించిన ఫోన్లో రింగు పోతూనే ఉంది. అవతల ఎత్తే దిక్కులేదు. ముందు లారీ. దాని మీద చిన్న గదంత నల్లరాతి దిమ్మె. దాటిపోదామంటే ఎదురుగా ఇంకో లారీ. చీమకుర్తి రోడ్డు మీద రెండు లారీల మధ్య దూరడమంటే ప్రాణాన్ని గాల్లో పెట్టడమే. నస్రత్ పెట్టింది. మోచేతికి ఇనుము రాసుకుని చర్మం లేచిపోయింది. వెనక నుంచి డ్రైవరు అరిచిన బూతు ఆమె చెవికి ఎక్కలేదు. ఆ చెవుల్లో ఇంకా కొండమ్మ మాటలే గింగురుమంటున్నాయి.

కొండమ్మ, చైనా నుంచి వచ్చిన లిన్ గారి అద్దె ఇంట్లో వంటమనిషి. ఇందాకే ఆఫీసుకి ఫోన్ చేసి ఏడ్చింది.

"నస్రతమ్మా, సారు పడిపోయాడమ్మా! నోట్లోంచి నురగ వచ్చేసింది. అంబులెన్సులో ఒంగోలు తీసకపోతన్నారు. దగ్గరికెళ్ళి చూద్దును గదా, పత్తి చేలో కొట్టే మందు వాసన! పొద్దున్నించి ఆ మనిషి నువ్వు తెచ్చిన సున్నుండ ఒక్కటే నోట్లో ఏసుకున్నాడు. ఇంకేం ముట్టలా."

నస్రత్‌కి కుర్చీ కింద నేల లేనట్టయింది. "అంబులెన్సు వాళ్ళకి చెప్పావా? మందు వాసనని చెప్పావా?"

"చెప్పా. వాళ్ళూ చూశారు."

"మిగతా ఉండలు ఎవరూ ముట్టుకోకుండా తాళం పెట్టు కొండమ్మా!"

"పెడతాలే. ఇక్కడున్నయ్యి సగమే గదమ్మా. సగం నీ డబ్బాలోనే సర్ది నీకే తిరిగిచ్చాడు గదా సారు?"

ఆ తర్వాత నస్రత్ ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. బండి తాళం తీసుకుని పరుగెత్తింది.

ఎందుకంటే ఆ డబ్బా ఇప్పుడు ఇంట్లో ఉంది. పొద్దున లిన్ గారి ఇంటి నుంచి ఆఫీసుకి వస్తూ దారిలో ఆగి, తానే తీసుకెళ్ళి తన అయిదేళ్ళ కూతురు నజ్మీన్ చేతిలో పెట్టింది. "చైనా తాతయ్య ఏదో ఇచ్చాడే, నేను వెళ్ళాక విప్పి చూసుకో" అంది.

తన చేతులతో. రెండు చేతులతో.

* * *

గ్రానైటు పలకలు కోసే ఫ్యాక్టరీలో నస్రత్ ఎగుమతుల పని చూస్తుంది. చైనా వాళ్ళకి వీసాలు మళ్ళీ మొదలయ్యాక ఆ ఫ్యాక్టరీకి వచ్చిన మొదటి చైనా కొనుగోలుదారు లిన్. అక్కడ ఫుజియన్ అనే రాష్ట్రంలో సముద్రం పక్క ఊరు ఆయనది. ఆయన భాష తెలిసిన వాళ్ళు చీమకుర్తిలో ఎవరూ లేరు. నస్రత్‌కి మాత్రం ఫోన్లో పాఠాలు విని నేర్చుకున్న నాలుగు ముక్కలు వచ్చు. అందుకే యజమాని జక్రయ్య గారు ఆమెని పిలిచి, "చూడమ్మా, ఇంటికి వెళ్ళి మర్యాదగా ఏదన్నా ఇచ్చి రా. వాళ్ళకి అలాంటివి పట్టింపు. వట్టి చేతుల్తో వెళ్ళకు" అన్నాడు.

దాంతో నస్రత్ ఆ పాఠం పట్టింది. చుట్టపుచూపుగా వెళ్ళినప్పుడు ఏం తీసుకెళ్ళాలి, ఎలా ఇవ్వాలి, ఏ మాట ఎప్పుడు అనాలి.

నిన్న సాయంత్రం జక్రయ్య గారి ఏసీ గదిలో రిహార్సల్ జరిగింది. అమ్మ రసూల్‌బీ చేసిచ్చిన సున్నుండల స్టీలు డబ్బా పట్టుకుని నస్రత్ నిలబడింది. మేనేజరు బాలస్వామి గారు లిన్ అయ్యాడు. యార్డు సూపర్వైజరు వీరబాబు గోడకానుకుని నవ్వుతూ చూశాడు.

"యీ ద్యెన్ శ్యావ్ యీస్" అంది నస్రత్, డబ్బా రెండు చేతులతో చాపుతూ. "ఏదో మా చిన్న గుర్తు అని సార్. ఇప్పుడు మీరు 'బూ యోంగ్, బూ యోంగ్' అనాలి. అక్కర్లేదు అని."

"అక్కర్లేకపోతే ఎందుకు ఇవ్వడం?"

"నిజంగా వద్దని కాదు సార్, మర్యాద. మనం 'షో శ్యా బా' అని మళ్ళీ ఇవ్వాలి. తీసుకోండి అని. మళ్ళీ వద్దంటారు. మళ్ళీ ఇవ్వాలి. మూడోసారికి తీసుకుంటారు."

"మా బావమరిదీ అంతేలే. గ్లాసులో పోస్తుంటే చాలు చాలు అంటాడు, గ్లాసు మాత్రం జరపడు" అన్నాడు బాలస్వామి. వీరబాబు పగలబడి నవ్వాడు. బాలస్వామి తలూపుతూ, చేతులూపుతూ, "బూ యోంగ్ బూ యోంగ్" అని పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ వద్దన్నాడు. మూడోసారి గబుక్కున లాక్కున్నాడు.

"తీసుకున్నాక మన ముందు విప్పరు సార్. లోపల పెట్టి, మనం వెళ్ళాక విప్పుతారు. ఎదురుగా విప్పితే ఆత్రం అనుకుంటారంట."

ఆ నవ్వుల మధ్యే జక్రయ్య గారు వచ్చి, "లిన్ ఇంకేమన్నాడమ్మా?" అని అడిగాడు. లిన్ తను ఎంచుకున్న దిమ్మెల మీద తెల్ల పెయింటుతో సంతకం పెడతాడు. ఓడ ఎక్కించే ముందు పోర్టుకి వెళ్ళి ఆ దిమ్మెల్ని తన కళ్ళతో మళ్ళీ చూసుకుంటానన్నాడు. నస్రత్ అదే చెప్పింది. ముగ్గురూ విన్నారు.

"ఇంట్లో ఉక్కకి నెయ్యి కారిపోద్దమ్మా. డబ్బా ఈ ఏసీలోనే ఉంచి పొద్దున తీసుకెళ్ళు" అని ఎవరో అన్నారు. ఎవరన్నారు? బండి ఊళ్ళోకి తిప్పుతూ నస్రత్ ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ముగ్గురిలో ఒకరు. ఆ గదిలోకి రాత్రి వెళ్ళగలిగిందీ తాళాలున్న ఆ ముగ్గురే.

పొద్దున అంతా పాఠంలో ఉన్నట్టే జరిగింది. లిన్ వద్దన్నాడు, మళ్ళీ వద్దన్నాడు, నవ్వి తీసుకున్నాడు. డబ్బా వంటింట్లోకి పట్టుకెళ్ళాడు. ఆమె బయల్దేరే వేళకి గేటు దాకా వచ్చి, అదే డబ్బా మూతపెట్టి ఆమె చేతుల్లో పెట్టాడు. తన ఫోన్లో ఏదో చెప్తే అది తెలుగులో పలికింది. "మా ఊరిలో అతిథి పాత్రను ఖాళీగా పంపరు."

ఎంత చక్కటి మాట అనుకుంది. అమ్మ కూడా ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగివ్వదు, చిటికెడు పంచదారైనా వేసి ఇస్తుంది. లోపల టీ ఆకో, బిస్కెట్లో పెట్టి ఉంటాడనుకుంది. బరువుగా ఉంది. విప్పి చూడాలని చెయ్యి లాగింది. కానీ ఎదురుగా విప్పకూడదు కదా!

తెచ్చిన దాంట్లోంచే సగం తీసి తిరిగివ్వడం అక్కడి ఆచారమని ఆమె నేర్చుకున్న పాఠంలో లేదు.

* * *

ఇంటి ముందు బండి స్టాండు కూడా వెయ్యలేదు. అది పక్కకి ఒరిగి పడింది.

"అమ్మా! నజ్మీనేదీ?"

రసూల్‌బీ పంపు దగ్గర బట్టలు పిండుతోంది. ఫోను లోపల ఛార్జింగులో మోగి మోగి ఊరుకుంది. "అట్టా వచ్చావేందే? ఆ చెయ్యేంది, రక్తం!"

"నజ్మీన్ ఏది అమ్మా!"

"జానీబీ దగ్గర. ఆ డబ్బా పట్టుకుని పోయింది. ఏందే నస్రతూ, నా సున్నుండలు నాకే పంపాడా ఆయన? నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా..."

నస్రత్ వినలేదు. ప్రహరీ పక్క సందులోంచి పరుగెత్తింది. యా అల్లా, యా అల్లా, ఒక్క నిమిషం.

వెనకింటి వేపచెట్టు నీడలో పక్కింటి ముసలావిడ జానీబీ నులకమంచం మీద కూర్చుని ఉంది. ఆమె ముందు నజ్మీన్. తలమీద అమ్మమ్మ ఓణీ ముసుగు. రెండు చేతుల్లో ఒక సున్నుండ.

"షో శ్యా బా!" అంది నజ్మీన్.

"బూ యోంగులే తల్లీ, బూ యోంగు" అంది జానీబీ, బోసినోటితో నవ్వుతూ.

"ఇప్పుడు మూడోసారి నానమ్మా. ఈసారి తీసుకోవాలి. నువ్వు తిన్నాక నువ్వు నాకియ్యాలి. అప్పుడు నేనొద్దంటా." ఎన్నో రోజులుగా అమ్మ అద్దం ముందు చేస్తున్నదంతా ఆ పిల్ల చూసింది. "షో శ్యా బా!"

జానీబీ తీసుకుంది. నోరు తెరిచింది.

నస్రత్ ఒక్క ఉదుటున వెళ్ళి ముసలావిడ చేతి మీద కొట్టింది. సున్నుండ ఎగిరి మట్టిలో పడి చిట్లింది.

"ఏందే, పిచ్చిగాని పట్టిందా నీకు!"

"తిన్నారా? నజ్మీన్, నువ్వు తిన్నావా? నోరు తెరువు! తెరవ్వే!"

పిల్ల బెదిరిపోయి నోరు తెరిచింది. నస్రత్ ముక్కు దగ్గర పెట్టి చూసింది. పాల వాసన. వేలు పెట్టి చిగుళ్ళు తడిమింది. ఏమీ లేదు.

"తినలేదమ్మీ, ఆట అవలేదుగా" అంది నజ్మీన్, ఏడుపు మొదలెడుతూ.

నస్రత్ డబ్బా ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. పైకి నెయ్యి, యాలకులు. అడుగున ఘాటుగా ఇంకేదో. పొలం గట్ల మీద నడిచిన ఎవరికైనా తెలిసే వాసన.

"నీకు తెలియలేదా జానీబీ?"

"నాకెక్కడ తెలుస్తదే? కరోనా వచ్చిపోయినకాడి నుంచి నా ముక్కు చచ్చిపోలా!"

లిన్ తినేముందు ఎందుకు అనుమానపడలేదో అప్పుడర్థమైంది. సున్నుండ వాసన ఎలా ఉంటుందో జన్మలో ఎరగని మనిషి. ఇలాగే ఉంటుందనుకున్నాడు.

కాళ్ళ దగ్గర కోడి కొక్కొరించింది. మట్టిలో చిట్లిన ఉండని అప్పటికే పొడిచేసింది. వాళ్ళు చూస్తుండగానే నాలుగడుగులు వేసి, మెడ ఒక పక్కకి వాల్చి, రెక్కలు తపతపా కొట్టుకుంటూ ఒరిగిపోయింది. ఆ తర్వాత కదల్లేదు.

నజ్మీన్ ఏడుపు ఆగిపోయింది.

నస్రత్ కూతుర్ని పొట్టకి అదుముకుంది. ఆ భయం తీరకముందే ఇంకోటి వచ్చి మీద కూర్చుంది. సున్నుండలు చేసింది అమ్మ. ఇచ్చింది తను. ఆస్పత్రి వాళ్ళు పోలీసులకి చెప్తారు. సాయంత్రానికి జీపు ఈ గుమ్మం ముందు ఆగుతుంది. అమ్మని జుట్టు ముడైనా వేసుకోనివ్వరు. చైనా మనిషికి విషం పెట్టిన తురకాళ్ళంటూ టీవీలో వేస్తారు. నజ్మీన్ చూస్తుంది.

ఫోను మోగింది. జక్రయ్య గారు.

"ఎక్కడమ్మా నస్రత్? లిన్‌కి వడదెబ్బ తగిలిందంట, ఒంగోలు ఆస్పత్రిలో వేశారంట. డాక్టర్లతో మాట్లాడాలంటే నువ్వే రావాలి. త్వరగా రా, కార్లో పోదాం. బాలస్వామి, వీరబాబు కూడా ఇక్కడే ఉన్నారు."

"వడదెబ్బ అని ఎవరన్నారు సార్?"

"ఎవరనేదేముంది? ఈ ఎండకి పడిపోతే ఇంకేమవుద్ది!"

ఫోను పెట్టేశాక నస్రత్ కదలకుండా నిలబడింది. ఆఫీసులో మందు సంగతి ఎవరికీ తెలియదు. కొండమ్మ ఇక్కడ తనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. సున్నుండల్లో ఏముందో ఆ గదిలో ఒక్కడికే తెలుసు. పోలీసులు వెళ్ళి ఆ మాట చెప్పారంటే ఇక అందరికీ తెలుస్తుంది. ఆ లోపే వెళ్ళాలి.

"అమ్మా, నిన్న చేసిన వాటిల్లో ఇంకా మిగిలాయా?"

"గూట్లో ఉన్నయ్యి. ఎందుకే?"

"అవి ఇవ్వు. ఇంకో సంచి ఇవ్వు. సబ్బు కూడా ఇవ్వు, డబ్బా బాగా తోమాలి."

* * *

ఏసీ గది చల్లగా ఉంది. నస్రత్‌కి మాత్రం వీపు మీద చెమట ధార కట్టింది. డబ్బా బల్లమీద పెట్టింది.

"ఇది లిన్‌కి పట్టుకెళ్ళిన డబ్బా కాదూ?" అన్నాడు జక్రయ్య గారు.

"అవునండి. సగం తిరిగిచ్చారు. వాళ్ళ ఊళ్ళో డబ్బా ఖాళీగా పంపరంట." మూత తీసింది. "పొద్దున్నించి మీరెవరూ ఏం తిని ఉండరు. దారిలో ఆకలేస్తుంది, తలా ఒకటి వేసుకోండి."

బల్లకి అవతల కూర్చున్న ముగ్గురి మొహాలూ ఒకేసారి చూడాలని ఆమె కళ్ళు అల్లాడాయి.

ఆమె అనుమానం వీరబాబు మీదే. దిమ్మెల యార్డు అతని చేతిలో ఉంటుంది. పొదిలి దగ్గర పత్తి వేస్తాడు. బండి పెట్టెలో ఎప్పుడూ పురుగుమందు సీసా ఉంటుంది. మొన్న లిన్‌తో గట్టిగా పోట్లాడాడు కూడా.

వీరబాబు లేచి వచ్చి రెండు ఉండలు తీసుకున్నాడు. ఒకటి అలాగే బుగ్గన పెట్టుకున్నాడు. "మీ అమ్మగారి చేతికి బంగారు కడియం తొడగాలబ్బా" అన్నాడు, నోటినిండా నములుతూ. రెండోదీ వేసుకున్నాడు.

ఇతను కాదు.

జక్రయ్య గారు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, ఒకటి కొరికాడు. "నెయ్యి బాగా పోశారు" అన్నాడు.

ఈయనా కాదు.

ఆమె మెల్లగా మూడో కుర్చీ వైపు తిరిగింది. బాలస్వామి గారు కదల్లేదు. ఆయన చూపు సున్నుండల మీద లేదు. జక్రయ్య గారి దవడ మీద ఉంది. అది పైకీ కిందకీ ఆడుతుంటే ఆయన చూస్తూ ఉన్నాడు. పెదాలు తెల్లబడ్డాయి. ఆపమని అనలేదు.

నస్రత్‌కి నిన్నటి సాయంత్రం ఒక్కసారిగా గుర్తొచ్చింది. నవ్వులన్నీ అయ్యాక, అందరూ లేచాక, ఆయన వెనక్కి వచ్చి మళ్ళీ అడిగాడు. "మన ముందు విప్పరా? ఖాయమేనా? మనం వచ్చేశాకే తింటారా?" ఎంత శ్రద్ధగా నేర్చుకుంటున్నాడో అనుకుంది. డబ్బా ఏసీలో ఉంచమన్న గొంతు కూడా అదే. రేపు నువ్వొక్కదానివే వెళ్ళమ్మా, నాకు బీపీ అన్నదీ అదే.

డబ్బా రెండు చేతులతో ఎత్తింది. ఆయన ముందుకి చాపింది.

"తీసుకోండి సార్."

"వద్దమ్మా. షుగరు." నిన్న టీలో రెండు చెంచాల పంచదార వేయించుకున్న మనిషి.

"షో శ్యా బా, సార్."

ఆయన నవ్వబోయాడు. "బూ యోంగ్... బూ యోంగ్" అన్నాడు. నిన్న పెళ్ళికొడుకులా ఊగిన గొంతు ఇవాళ గరగరలాడింది.

"ఇది మూడోసారి సార్. మూడోసారి తీసుకోవాలి. షో శ్యా బా."

"వద్దంటుంటే నీక్కాదూ!"

డబ్బాని విసిరి తోశాడు. ఉండలు బల్ల మీద దొర్లి, నేల మీద పడి నాలుగు వైపులా పోయాయి. వీరబాబు నమలడం ఆపాడు.

"జక్రయ్య గారు తింటుంటే ఎందుకు వద్దనలేదు సార్?" అంది నస్రత్. "వీరబాబు తింటుంటే ఎందుకు వద్దనలేదు?"

జక్రయ్య గారి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "ఏందమ్మా? ఏముంది వీటిల్లో?"

"వీటిల్లో ఏం లేదండి. ఇవి మా ఇంట్లో మిగిలినవి." ఒకటి తీసి తన నోట్లో వేసుకుంది. నమిలి మింగింది. భుజం సంచిలోంచి ముడివేసిన కవరు తీసి బల్ల మీద పెట్టింది. "తిరిగొచ్చినవి ఇవి. వీటిని మా కోడి తిని చచ్చింది. నా కూతురు తినబోయింది. లిన్ గారికి తగిలింది వడదెబ్బ కాదండి."

ముందు కదిలింది వీరబాబు.

"నిన్న రాత్రి చూస్తే నా బండి పెట్టెలో మందు సీసా లేదు" అన్నాడు బాలస్వామి వైపు తిరిగి. "ఎవడో పొలం పోయేవాడు కొట్టేశాడనుకున్నా. సారూ, పోర్టుకి పోయిన దిమ్మెల్లో పగుళ్ళున్నయ్యి రెండు మూడు కనపడితే, ఇయ్యేందని అడిగా. లిన్ సంతకం ఉందిగా, నీకెందుకురా అన్నారు మీరు. ఆ సంతకం లిన్‌ది కాదా? మంచి దిమ్మెలు ఎవడికి అమ్మారు సారూ? ఆయన పోర్టుకెళ్ళి చూస్తే బయటపడుద్దనేనా ఇదంతా?"

బాలస్వామి లేచాడు. తలుపు వైపు చూశాడు. అప్పుడే ఆ తలుపు తెరుచుకుంది.

ఎస్సై షారోన్, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఆమె నేల మీద దొర్లుతున్న సున్నుండలు చూసింది, బల్లమీద కవరు చూసింది.

"ఒంగోలు ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. పురుగుమందు. మనిషి స్పృహలోకి వస్తున్నాడు, బతుకుతాడంటున్నారు. మిఠాయి తీసుకెళ్ళింది ఎవరు?"

"ఈ అమ్మాయే మేడం!" బాలస్వామి వేలు నస్రత్ వైపు లేచింది. "వాళ్ళింట్లో చేసినవే. వాళ్ళమ్మ చేసింది. ఈ అమ్మాయి తన చేతుల్తో ఇచ్చింది. అడగండి, కాదనమనండి!"

ఎస్సై తిరిగింది. కానిస్టేబులు ఒక అడుగు ముందుకేశాడు. నస్రత్‌కి కళ్ళముందు పంపు దగ్గర తడిచేతులతో నిలబడ్డ అమ్మ కనిపించింది. ఓణీ ముసుగులో, రెండు చేతులతో సున్నుండ పట్టుకున్న నజ్మీన్ కనిపించింది.

"నువ్వేనా ఇచ్చింది?"

"నేనేనండి. చేసింది మా అమ్మే."

"మరి విషం పెట్టిందెవరు?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ పేరు వెనక 'గారు' చేర్చకుండా ఆమె ఎప్పుడూ పలకలేదు. ఇప్పుడు గదంతా వినపడేలా అంది.

"బాలస్వామి."